ఏడవలేని మనిషితో బనగానపల్లెకు

బందరు నుంచి బనగానపల్లెకు ఎవరూ ఊరికే వెళ్లరు. అద్దకం బట్టల షావుకార్లు తప్ప మా వీధిలో ఆ పేరు పలికేవాళ్లే లేరు. రాయలసీమ అని ఈమధ్య పెద్దలు పేరు పెట్టారు గాని, మాకింకా అది దత్తమండలమే. దత్తమండలమంటే కరువు, బండలు, ఎండ. ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటి వేసవిలో నేనూ మా వారూ కావాలని ఆ ఎండలోకే వెళ్లాం. తిరిగి వచ్చాక అమ్మలక్కలు వేసే ప్రశ్నలకు ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇలా కాగితం మీద పెడుతున్నాను.

ఎందుకు వెళ్లామో ముందు చెప్పాలి. మా వారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన తమ్ముడు శేషగిరి దివిసీమ నుంచి వస్తుండగా కృష్ణలో పడవ తిరగబడింది. పడవ దొరికింది, అతను దొరకలేదు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే ఆ పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది మా వారే. కబురు వచ్చిన రోజున నేను గుండెలు బాదుకుని ఏడ్చాను. ఆయన రేవుకు వెళ్లి, చీకటి పడేదాకా నిలబడి, ఇంటికి వచ్చి మర్నాటి పాఠం చూసుకున్నారు. అంతే. రెండేళ్లపాటు ఆయన కంట నీటిచుక్క చూడలేదు నేను. కర్మకాండ ఊసెత్తితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేవారు. నిద్ర కరువైంది. ఊళ్లోకి ఏ జ్వరం వచ్చినా ముందు మా గడపే తొక్కేది. నోరంతా పూసేది. గడ్డం గీసుకుంటుంటే తెగిన చిన్న గాటు వారాల తరబడి మానేది కాదు. మనిషి సగమైపోయారు.

మా డాక్టరు గారు ఊపిరితిత్తులు పరీక్షించి నన్ను పక్కకు పిలిచారు. "ఇప్పటికైతే క్షయ లేదమ్మా. వస్తే మాత్రం అడ్డుకునే సత్తువ ఈ ఒంట్లో లేదు. ఆయన మనసు ఒంటిని తినేస్తోంది. నా సీసాల్లో దానికి మందు లేదు. కాస్త పొడినేలకు తీసుకెళ్లు, మనుషుల్ని మార్చు."

ఆ మాట అద్దకం బట్టల కోసం ఏటా మా ఊరు వచ్చే సుబ్బరామశెట్టి గారి చెవిన పడింది. ఆయనది బనగానపల్లె. మా వారికి పాత స్నేహితుడు. "మా ఊరికి రాండి అయ్యవారూ," అని పట్టుబట్టారు. "మా హకీం సాయెబు చెయ్యి పట్టి సూసినాడంటే లోపల ఏముండాదో చెప్తాడు. మామిడిపండ్ల కాలం కూడా."

నల్లమలలో

బెజవాడ దాటగానే కృష్ణ మీద వంతెన. రైలు దాని మీదికి ఎక్కగానే మా వారు కళ్లు మూసుకుని పంతొమ్మిదో ఎక్కం గొణగడం మొదలుపెట్టారు. అది అయిపోయేసరికి వంతెన దాటాం. ఆ రెండేళ్లలో ఆయన అలవాటు అది. నీళ్లు కనబడితే ఎక్కాలు.

గుంటూరు వెనకబడ్డాక ఎప్పుడు అడవిలో పడ్డామో తెలియలేదు. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, నాకు చూపు ఆనేంత మేరా బల్లపరుపు నేలే తెలుసు. నల్లమల కొండలు రెండువైపులా లేచి నిలబడితే కిటికీకి అతుక్కుపోయాను. ఒకచోట లోయ మీద ఎత్తైన ఇనుప వంతెన. కింద చెట్ల తలలు, ఆ తలల మీద ఎగిరే పక్షుల వీపులు. పక్షి వీపును పైనుంచి చూడటం నా జన్మలో అదే మొదలు. తరవాత కొండ కడుపులోంచి బొగద. పెట్టె చీకటైపోయి, పొగ నిండి, మళ్లీ వెలుగులోకి వచ్చేసరికి అందరి ముఖాలూ మసి. ఒక చిన్న స్టేషనులో చెంచు స్త్రీ ఆకుదొన్నెలో తునికిపళ్లు అమ్మింది. పసుపుపచ్చటి గుజ్జు, సపోటాకు అక్కలాంటి రుచి. నేను దొన్నెడూ తిన్నాను. ఆయన ఒక్కటి కొరికి పక్కన పెట్టారు.

నంద్యాల ఉగ్గాని

నంద్యాలలో దిగేసరికి ఎండ పెనంలా కాలుతోంది. మోటారు బస్సు వచ్చేలోగా ఒక పూటకూళ్లావిడ ఉగ్గాని పెట్టింది. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిపాయ, పుట్నాల పొడి వేసి తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ. మా వైపు మరమరాలు పిల్లల చిరుతిండి గాని కడుపునిండే తిండి కాదు. బజ్జీని మాత్రం మా బందరు మిరపకాయ అనుకుని సగం కొరికాను. చెవుల్లోంచి పొగ వచ్చింది. ఆ పూటకూళ్లావిడ మజ్జిగ ముంత చేతికిచ్చి, "కోస్తామ్మవా? మెల్లగ తిను తల్లీ, యాడికీ పోదులే," అంది. ఆ గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే జాలి ఉంది.

బనగానపల్లె

చుట్టూ ఇంగ్లీషు వారి కర్నూలు జిల్లా. మధ్యలో నవాబు గారి సంస్థానం. ఏదో తేడా ఉంటుందనుకున్నాను. తేడా తోటల్లో ఉంది. బండలూ ఎర్రదుమ్మూ చూసి చూసి మండిన కళ్లకు ఊరి పొలిమేరలో ఒక్కసారిగా మామిడితోపులు. కొమ్మలు కాయల బరువుకు నేలకు ఆనుతున్నాయి. శెట్టిగారు తోట నుంచి వచ్చిన పండొకటి కోసి పెట్టారు. పీచు లేదు, టెంక కాగితంలా పల్చన. మా బందరులో రసాలు జుర్రుకుని మోచేతుల దాకా కడుక్కోవలసిన మాకు, పండును కత్తితో ముక్కలు కోసుకుని తినడం దొరల పనిలా తోచింది. ఇక్కడ గంపలకొద్దీ ఎంత చవకగా ఇస్తారో చెబితే మా ఊళ్లో నమ్మరు.

మొదటి పూటే పరువు తీసుకున్నాను. ఇంట్లోకి వెళ్లేముందు కాళ్లు కడుక్కోమని శెట్టిగారి తల్లి ఓబులమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. నేను బందరు అలవాటుగా చెంబంతా ఒక్క పాదం మీదే దిమ్మరించి, రెండో పాదానికి ఇంకో చెంబు అడిగాను. ఆవిడ అదీ తెచ్చింది. అప్పుడు చూశాను, మేము కాళ్లు కడిగే రాయి పక్కన నిమ్మమొక్క. ఆ ఇంట్లో ఏ నీళ్లూ ఊరికే నేలమీదికి పోవు. కాళ్లు కడిగినవి మొక్కకు, బియ్యం కడిగినవి బర్రెకు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. "ఏం కాదులేమ్మా, నిమ్మసెట్టుకు ఈపొద్దు పండగ," అని నవ్విందావిడ. నల్లటి మనిషి, అరవై దాటినా నిటారుగా నడిచేది. ఆ ఇంట్లో నాకు దొరికిన స్నేహితురాలు ఆవిడే.

హకీం గారి వరండా

హకీం ఖాదర్ సాహెబు గారిది తాతల నాటి వైద్యం. ఫార్సీ, ఉర్దూ చదువుకున్న పండితుడు, నవాబు గారి ఇంటికీ ఆయనే వైద్యుడట. తెల్లగడ్డం, శుభ్రమైన కుర్తా, వరండా అంతా ఎండిన గులాబిరేకుల వాసన. మా వారి మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి ఎంతసేపు కూర్చున్నారంటే, నిద్రపోయారేమో అనుకున్నాను.

"ఏం తింటారు, ఎప్పుడు పడుకుంటారు అని అందరూ అడిగుంటారు," అన్నారాయన చివరికి. "నేను వేరే అడుగుతా. కడసారి ఎప్పుడు ఏడ్చినారు?"

మా వారి ముఖం గట్టిపడింది. "ఏడవడానికి ఏముందండీ? మా తమ్ముడికి ఈత వచ్చు. శవం దొరకలేదు. ఎక్కడో ఒడ్డెక్కే ఉంటాడు."

రెండేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. ఆయన దుఃఖాన్ని దిగమింగుకున్నారనే అనుకున్నాను ఇన్నాళ్లూ. అసలు ఇంకా ఎదురుచూస్తున్నారని నాకు తెలియదు. వరండా స్తంభం పట్టుకున్నాను.

హకీం గారు వాదించలేదు. చేయి వదిలి నాతో అన్నారు: "అమ్మా, కోటలో బంట్లంతా ఒక్క వాకిట్లోనే నిలబడి ఎవరో వస్తారని కాచుకుంటాండారు అనుకో. రాత్రీ పగలూ, తిండి లేదు, నిద్ర లేదు. అప్పుడు దొంగ ఏం జేస్తాడు? ఇంకో దిక్కు గోడ దూకి వస్తాడు. ఈయన ఒంటికి వచ్చే జరాలన్నీ అట్ల వస్తాండేటివే. నేను బలానికి మందిస్తా. అయితే కావలి సడలాల. అది నా చేతిలో లేదు."

ఇచ్చిన మందు కంటే చెప్పిన పథ్యం పెద్దది. పొద్దు పొడవకముందే తోట దాకా నడవాలి. వచ్చాక చాపమీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చేయి వేసి, ఆ చేయి లేచి దిగేలా నెమ్మదిగా ఊపిరి తీయాలి. తలకు నువ్వులనూనె. మధ్యాహ్నం రాగిసంగటి, ఊరుబిండి అనే చెనక్కాయల పచ్చడి, మజ్జిగ. పత్రికలు చదవకూడదు. సాయంత్రం ఒంటరిగా కూర్చోకూడదు, నలుగురు ఉన్న చోటే ఉండాలి.

"ఊపిరితోబాటు దేవుని పేరు అనుకోండి," అన్నారు హకీం గారు.

"నాకు ఎక్కాలు తప్ప ఏవీ నోటికి రావు," అన్నారు మా వారు విసుగ్గా.

"అయితే ఎక్కాలే. మెల్లగ. అంకెకూ అంకెకూ నడుమ ఒక నిండు ఊపిరి."

మొదటి రెండు మూడు రోజులు నాకు నరకం. "గాలి పీల్చడం నేర్చుకోవడానికి ఇంతదూరం తెచ్చావా?" అని నా మీద చిరాకు. కాని లెక్కల మాస్టారు కదా, అప్పజెప్పిన పని ఎగ్గొట్టడం చేతకాదు. తెల్లవారుజామున తోటకు నడిచేవాళ్లం. అక్కడ కపిల లాగే ఎద్దులు ముందుకూ వెనక్కూ నడుస్తూ, తోలు బానతో బావిలోంచి నీళ్లు లాగేవి. అది చూస్తూ నిలబడేవాళ్లం. వారం తిరిగేసరికి మధ్యాహ్నం పూట ఓ గంట కునుకు పట్టసాగింది. నోటిపూత తగ్గింది. సంగటి ముద్దను వేలితో గుంట చేసి ఊరుబిండి అద్దుకుని మింగడం కూడా నేర్చుకున్నారు. నమలకూడదట, మింగాలట. నాకు మాత్రం అది గొంతుకు అడ్డంపడి ఓబులమ్మ వీపు చరచవలసి వచ్చింది.

ఏటిలో స్వాములు

ఆ రోజుల్లోనే పీర్ల పండగ. మా బందరులోనూ పీర్లు లేస్తాయి గాని అది తురకల పండగ, మేము అరుగు మీద నిలబడి చూసేవాళ్లం. ఇక్కడ ఓబులమ్మ పసుపు రాసుకుని స్నానం చేసి, కొత్త కుండలో బెల్లం పానకం కలిపి, తలమీద పెట్టుకుని బయల్దేరింది. కొడుకు పుడితే ఏటా మోస్తానని మొక్కుకుందట. "మీరు షావుకార్లు గదా?" అన్నాను. "అయితే ఏం? సాములు అందరికీ సాములే," అంది, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు.

ఆవిడ పుట్టిల్లు జుర్రేరు అనే ఏటి ఒడ్డున చిన్న పల్లె. చివరిరోజు పీర్లను ఏటికి తీసుకుపోయే సంబరం చూడటానికి శెట్టిగారు బండి కట్టించారు. మా వారు రానన్నారు. హకీం గారు చెప్పిన 'నలుగురిలో ఉండటం' గుర్తుచేసి బలవంతాన ఎక్కించాను.

ఏరు అంటే మా కృష్ణలాంటిది ఊహించుకున్నాను. అక్కడ నీటిచుక్క లేదు. ఎండలో మెరిసే ఇసుక, అంతే. మధ్యలో చెలమ తవ్వి ఉంచారు. అడుగున గంగాళమంత నీరు ఊరింది. దాని చుట్టూ ఊరు ఊరంతా. ఇసకేస్తే రాలరు అంటారే, అక్కడ ఇసక మీదే జనం. డప్పుల మోత దగ్గరైంది. పీరంటే పొడుగాటి కర్రకు కట్టిన వెండి పంజా, పట్టు దుస్తులు, మల్లెచెండ్లు. ఈ పల్లె పీరు ఒక ఒడ్డున దిగింది, పక్క పల్లె పీరు ఎదుటి ఒడ్డున దిగింది. వీళ్లిద్దరూ అన్నదమ్ములట. ఏడాదికొక్కసారి ఈ ఏటిలోనే కలుసుకుంటారట. మోసేవాళ్లు పరుగున వచ్చి రెండు పంజాలనూ ఒకదానికొకటి ఆనించారు. డప్పులు ఆగిపోయాయి. అంత జనంలో ఒక్క దగ్గు వినబడలేదు.

అప్పుడు దస్తగిరి అనే ముసలి పాటగాడు తెలుగులో ఎత్తుకున్నాడు. గొంతు బొంగురు, ముక్కలైన గొంతు.

"ఏటిదాకా పోయినావా తమ్ముడా, నీళ్లు తాగలేదే తమ్ముడా
గుర్రమొచ్చి వాకిట నిలిచె తమ్ముడా, నీవు యాడ నిలిచితివి తమ్ముడా"

ప్రతి చరణానికీ జనమంతా గుండెమీద అరచేత్తో కొట్టుకుంటూ 'తమ్ముడా' అని అందుకున్నారు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. మగవాళ్లూ ఏడుస్తున్నారు, పొలాల్లో రాళ్లు ఎత్తే మగవాళ్లు, తలపాగాల కొసలతో కళ్లు తుడుచుకుంటూ. వెయ్యేళ్ల కిందట ఎక్కడో ఎడారిలో దప్పికతో చచ్చిపోయిన మనిషి కోసం, ఈ ఎండిన ఏటిలో నిలబడి.

నా పక్కన దగ్గినట్టు చప్పుడైంది. మా వారు. దగ్గు అనుకున్నాను. మళ్లీ వచ్చింది, ఈసారి పొట్టలోంచి. ఆయన మోకాళ్లమీద ఇసకలోకి కూలబడ్డారు. రెండు చేతులతో ఇసక పట్టుకుని, "పడవొచ్చింది, వాడు రాలేదు, పడవొచ్చింది," అని అరిచారు. అంత పెద్ద ఏడుపు మగమనిషి గొంతులోంచి నేను వినలేదు. భయంతో భుజం పట్టుకుని, "ఊరుకోండి, ఊరుకోండి," అన్నాను. మా వైపు ఏడ్చేవాళ్లకు అందరం చెప్పే మాట అదే కదా.

ఓబులమ్మ నా చేయి తీసేసింది. పాట ఆపిన దస్తగిరి వచ్చి ఆయన వీపుమీద చెయ్యేశాడు. "ఏడ్సప్పా, ఏడ్సు. ఈడికి అందురూ అందుకే వచ్చినారు. ఎవురికోసం?"

"తమ్ముడు," అన్నారు మా వారు.

"ఏటిలోనా?"

ఆయన తలూపారు.

"అయితే నీకు సోటు ఈడనే," అని, ముసలాయన ఆయన పక్కన ఇసకలో కూర్చుని మళ్లీ పాట ఎత్తుకున్నాడు. ఎవరూ వింతగా చూడలేదు, ఎవరూ పక్కకు తప్పుకోలేదు. ఎవరో ఒక పెద్దావిడ తన కొంగుతో ఆయన ముఖం తుడిచి, వెళ్లిపోయింది. చెలమ నీటితో పంజాలు కడిగి, గుడ్డ చుట్టి, వచ్చే ఏటికని పెట్టెలో పెట్టేశారు. ఓబులమ్మ పానకం ముంత ఆయన నోటికి అందించింది. బిడ్డలా గుటకలు వేశారు.

మర్నాడు

ఇంతటితో అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. మర్నాడు పొద్దున్నే ఆయన ఒళ్లు నిప్పుకణిక. ఎండలోకి లాక్కెళ్లి ఉన్న ప్రాణం తీశానని నన్ను నేను తిట్టుకున్నాను. క్షయ అన్న మాటే చెవుల్లో గింగురుమంది. హకీం గారు వచ్చి నాడి పట్టుకున్నారు. నేను ఆయన గడ్డం వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఇదివరకు జరమొస్తే చెమట పట్టేదా?" అన్నారు.

గుర్తుతెచ్చుకున్నాను. లేదు. పొడిగా, రోజుల తరబడి కాలుతూ ఉండేది.

"చూస్తాం. ఊరికే కూర్చోమ్మా."

మధ్యాహ్నానికి చాప తడిసిపోయేంత చెమట పట్టింది. జ్వరం దిగింది. దిగాక ఆయన నిద్రపోయారు. ఇంటిల్లిపాదీ మామిడికాయలు గంపలకెత్తుతూ అరుస్తుంటే, దుమ్ముగాలికి తలుపులు కొట్టుకుంటుంటే, దేనికీ కదలకుండా సాయంత్రం దాకా నిద్రపోయారు. రెండేళ్ల నిద్ర బాకీ తీరుతున్నట్టుంది. నేను పక్కన కూర్చుని ఆయన పొట్ట లేచి దిగడం చూస్తూ ఉండిపోయాను. మనిషి ఒళ్లంటే ఎంత వింతదో నాకు ఆ పూట తెలిసింది. ఎవరో చనిపోయారని ఒప్పుకోవడానికి దానికి ఒక ఎండిన ఏరు కావలసి వచ్చింది.

"రోగం పోయిందని నేను చెప్పను," అన్నారు హకీం గారు మేము సెలవు తీసుకున్న రోజున. "కావలి సడలింది. ఇంక బలం దానంతట అది వస్తుంది. నడక మానొద్దు, ఊపిరి మానొద్దు. ఏడుపొస్తే ఆపొద్దు. మీ డాక్టరు మందు ఇస్తే తాగండి." మేము శెట్టిగారి ద్వారా ఇచ్చిన డబ్బు ఆయన తీసుకోలేదు. మా వారు కుట్టించుకున్న కొత్త చొక్కా బాగుందని మెచ్చుకుని, గులాబిరేకుల పొట్లం నా చేతిలో పెట్టారు.

కడప

కోయిలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా బస్సులో ఎర్రగుంట్ల చేరాం. దారిపొడుగునా ఇళ్లూ గోడలూ గట్లూ అన్నీ నల్లటి నాపరాళ్లే. పైకప్పు కూడా బండే. మా వైపు తాటాకు దొరికినట్టు వీళ్లకు రాయి దొరుకుతుంది. అక్కణ్ణుంచి రైల్లో కడప. గూడూరు మీదుగా తిరిగి ఇల్లు చేరాలని మా ఆలోచన.

తరవాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఇది కార్తీకంలో రాస్తున్నాను. వానాకాలంలో మా వీధి వీధంతా జ్వరాలతో మంచం పట్టింది. ఆయనకూ వచ్చింది. అందరికీ తగ్గినట్టే తగ్గి, లేచి చారన్నం అడిగారు. డాక్టరు గారు మళ్లీ గుండె, ఊపిరితిత్తులు చూసి, ఏం మందు వాడారని నన్ను అడిగారు. చెప్పాను. నవ్వలేదాయన. తన కాగితం మీద ఏదో రాసుకున్నారు. శేషగిరికి కర్మ జరిగింది. చేయించింది మా వారే.

కాని నా కళ్ల ముందు ఇప్పటికీ నిలిచేది కడప స్టేషను. రైలు కోసం కూర్చున్నాం. పక్కన తమలపాకుల గంపలతో ఒక ముసలి సాయెబు, ఆయన భార్య ఖాసింబీ. ఆవిడ ఆకులు తుడిచి వక్క వేసి మాకు చెరొకటి మడుస్తూ, మాది ఏ ఊరని అడిగింది.

"బందరా? సముద్రం పక్క ఊరు గదప్పా! అయితే నీకు ఈత శానా బాగ వస్తాదేమో?"

నేను చటుక్కున మా వారి వైపు తిరిగాను. మా వారు కాసేపు ఆవిడ చేతుల వైపు చూశారు.

"నాకు రాదమ్మా. మా తమ్ముడికి వచ్చేది," అన్నారు. అని, మొదలుపెట్టారు. పదేళ్ల శేషగిరి ఎండు సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని దొంగచాటుగా కాలవలో ఈత నేర్చుకున్న కథ. బుర్రలు జారిపోయి, బట్టలు ఎవరో ఎత్తుకుపోతే, అరటాకు చుట్టుకుని మిట్టమధ్యాహ్నం బజారులోంచి ఇంటికి పరుగెత్తుకొచ్చిన కథ. దారిలో హెడ్మాస్టరు ఎదురైతే రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడట. అరటాకు పట్టుకోవలసిన చేతులు. ఖాసింబీ ఒళ్లో ఆకులన్నీ కింద పడేలా నవ్వింది. ముసలి సాయెబు తొడ చరుచుకున్నాడు. ఆ కథ నేనెన్నడూ వినలేదు. పెళ్లై వచ్చి పన్నెండేళ్లు ఆ మరిదికి అన్నం పెట్టినదాన్ని, నాకూ కొత్తే. నవ్వుతూ నవ్వుతూ నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన కళ్లలోనూ తిరిగాయి. ఆయన తుడుచుకోలేదు.

"అబ్బా, శానా మంచి పిల్లోడప్పా మీ తమ్ముడు!" అంది ఖాసింబీ.

"మంచివాడే. పోయాడమ్మా," అన్నారు మా వారు. ఆవిడ నవ్వు ఆపి, ఆయన చేతిమీద తన చేయి వేసి ఉంచింది. ఇంకో చేత్తో మడిచిన ఆకు అందించింది. ఆయన అది నోట్లో పెట్టుకుని నమలసాగారు.